విధవరాలి అప్పు, ఇరుగుపొరుగువారి పాత్రలు

బైబిలు పాఠము. చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1-7, మత్తయి 6:19-34, నెహెమ్యా 5:1-13.



మిరపకాయలు కల్లములలో ఎండు దినములలో మన పల్లెల ప్రార్థన మనవులు చాలవరకు ఒక్కటే. పంట చేతికి వచ్చినను రైతు మనస్సు కల్లములో ఉండదు. అది పురుగుమందుల దుకాణపు పద్దుమీదను, వ్రాసి యిచ్చిన ప్రామిసరీ నోటుమీదను, గుంటూరు యార్డులో ఆ దినము పలికిన ధరమీదను తిరుగుచుండును. కూలికి పోవువారి చింత వేరు. సున్నపు బట్టీలలోను నాపరాళ్ల గనులలోను పనిచేయువారి చింత వేరు. అయినను ఈ చింతలలో ఎక్కువ భాగము చివరకు అప్పు అను ఒక్క మాటలోనికే వచ్చి చేరును. కనుక ఈ నెల పాఠమునకు ఎలీషా దినములలోని ఒక విధవరాలి అప్పును తీసికొనుచున్నాను. అది ఏడు వచనముల కథ. ఆదివారపు బడిలో పిల్లలకు నూనె పొంగిన అద్భుతముగా చెప్పుదుము. పెద్దలము దానిని అప్పుల కథగా మరల చదువవలసి యున్నది.

ఆమె భర్త భక్తిపరుడే

ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతని భార్య ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టెను. తన భర్త దేవునికి భయపడినవాడని ఎలీషాకే తెలియునని చెప్పెను. అప్పు ఇచ్చినవాడు తన యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియున్నాడని చెప్పెను.

ఈ మొదటి వచనము దగ్గరనే మనము కొంతసేపు ఆగవలెను. ఏలయనగా అప్పులలో ఉన్న విశ్వాసిని చూచినప్పుడు, "వీని భక్తిలో ఏదో లోపమున్నది, లేనియెడల దేవుడు ఇట్లు విడుచునా?" అను తలంపు మనలో అనేకులకు కలుగుచున్నది. యోబు స్నేహితులు అట్లే తలంచిరి. ఇచ్చట వాక్యము ఆ తలంపునకు తావియ్యలేదు. చనిపోయినవాడు దేవుని సేవకుడు, భయభక్తులు గలవాడు. అతడు అప్పుతోనే చనిపోయెను. ఈమె ఓబద్యా భార్య యని యూదులు చెప్పుకొనెడి మాటను యోసేపస్ అను చరిత్రకారుడు వ్రాసెను. ఆహాబు గృహనిర్వాహకుడైన ఓబద్యా యెజెబెలు కత్తికి దొరకకుండ నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించినవాడు (1 రాజులు 18:3-4). ఆ పోషణకే అతడు అప్పు చేసెనని ఆ వాడుక. బైబిలు అతని పేరు చెప్పలేదు గనుక దానిమీద మనము సిద్ధాంతము కట్టరాదు. అయినను పూర్వకాలపు భక్తులకు మంచివాడు అప్పులలో చనిపోవుట వింతగా కనబడలేదని దీనివలన తెలియుచున్నది.

మన పల్నాటి అప్పు ఎక్కడ పుట్టుచున్నదో చూడుడి. మన తాతలు జొన్నయు సజ్జయు తిని బ్రదికిన మెట్టనేలలివి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు విడిచిరి. నీటి వెంట పత్తియు మిరపయు విస్తరించెను, వాటి వెంట పెట్టుబడియు వచ్చెను. జొన్న చేను పోయిన ఏట మనిషికి ఆకలి మిగిలెడిది. పత్తి చేను పోయిన ఏట ఆకలితోకూడ అప్పును మిగులుచున్నది. 1987-88లో తెల్లదోమవలన పత్తి పాడైనప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు పురుగుమందు త్రాగి చనిపోయిన సంగతి పెద్దలు మరువలేదు. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను పట్టి తోటలను నాశనము చేసెను. 2025లో పురుగు పని లేకుండగనే దెబ్బ తగిలెను: కాయ పండెను గాని ధర పడెను. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము కలుగజేసికొని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటింపవలసి వచ్చెను. ఆ ధర పెట్టుబడికి చాలదని రైతులు మొఱపెట్టిరి. వీటిలో ఏది ఆ రైతు ప్రార్థనాలోపమువలన జరిగెను?

కౌలుదారుల సంగతి మరియు కష్టము. మన సంఘములలో సొంత భూమి గలవారు కొద్దిమంది. పంట పండకమునుపే కౌలు చెల్లింతుము. పొలము మన పేర లేదు గనుక బ్యాంకు వాకిలి మనకు సులభముగా తెరువబడదు. 2019లో మన రాష్ట్రమున కౌలుదారులకు పదకొండు నెలల కార్డు ఇచ్చు చట్టము వచ్చెను. దానికి భూయజమాని సమ్మతి కావలసి వచ్చెను గనుక అనేకులు దానిని పొందలేకపోయిరి. అప్పుడు మిగిలినది ఊరిలోని వడ్డీ. నూటికి రెండు రూపాయలు అని వినుటకు చిన్న మాటయే. లక్ష రూపాయలకు నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరువది నాలుగు వేలు. ఏడాది కొకసారి నోటు తిరుగవ్రాసిన యెడల మూడేండ్లకు ఆ లక్ష 1,90,000 దాటును. రెండు పంటలు పోయినవాడు మూడవ పంట తనకొరకు కాక ఆ నోటుకొరకే వేయుచున్నాడు.

అప్పులన్నియు ఒక్క రీతివి కావని కూడ చెప్పవలెను. పంటకు, జబ్బుకు, పిల్లల చదువుకు చేసిన అప్పు వేరు. పొరుగువాడు పందిరి వేసెనని మనమును పందిరి వేసి, వంద విస్తళ్లు చాలుచోట వెయ్యి విస్తళ్లు వేసి చేసిన అప్పు వేరు. పుట్టినదినపు విందులకు ఫ్లెక్సీలు కట్టుట మన పల్లెలకు ఎప్పుడు వచ్చెనో గాని, అది వచ్చిన తరువాత వడ్డీకి తెచ్చువారు హెచ్చిరి. దీనిని నేను గద్దింపుగా చెప్పుచున్నాను. అయితే విధవరాలి కథ దీనినిగూర్చినది కాదు.

ఆమె నోరు తెరచెను

అప్పుతో నలిగిన యిల్లు మొదట చేయు పని దాచుట. మగవాడు భార్యకు సగమే చెప్పును. భార్య తాకట్టు పెట్టిన గొలుసును అత్తకు తెలియనియ్యదు. తరువాత గుడికి వచ్చుట తగ్గిపోవును. ఏలయనగా బాకీ పడినవాడు ప్రక్క బల్లమీదనే కూర్చుండవచ్చును, కానుక పళ్లెము వచ్చినప్పుడు చేయి ఖాళీగా ఉండవచ్చును. రెండు నెలలు ఒక కుటుంబము కనబడనప్పుడు, "విశ్వాసములో చల్లబడిరి" అని మనము తేలికగా అనుకొనుచున్నాము. వారు చల్లబడలేదు; సిగ్గుపడుచున్నారు.

ఈ స్త్రీ సిగ్గును దాటి కేక వేసెను. అప్పు పేరు చెప్పెను, అప్పులవాడు వచ్చియున్నాడని చెప్పెను, పిల్లలకు ఏమి జరుగబోవుచున్నదో చెప్పెను. అది అవిశ్వాసమని ఎలీషా ఆమెను గద్దింపలేదు. "ప్రార్థించుకొనుము, అంతయు సరియగును" అని పంపివేయలేదు. నేనేమి చేయుదునని అడిగెను. ప్రార్థనకు ముందే చెవి యిచ్చెను. ఇది కాపరులమైన మాకును సంఘపు పెద్దలకును పాఠము. ఇచ్చట ఒక మాట మొగమాటము లేక వ్రాయవలసి యున్నది. గృహకూడికలలో "ఫలాని వారి అప్పులకొరకు ప్రార్థింతము" అని పేరు పెట్టి చెప్పుటచేత కొందరి బ్రదుకులు వీధిన పడినవి. అది ప్రార్థన రూపములో తిరుగు చాడీ. ఒకడు తన బాకీ సంగతి పాస్టరుతో చెప్పుకొనిన యెడల అది వేదికమీదికి గాని, ప్రసంగములో ఉదాహరణగా గాని, పాస్టరమ్మగారి వంటింటికి గాని పోరాదు.

దాచుట ఎందుకు అపాయమో మన ప్రాంతమునకు చెప్పనవసరము లేదు. పురుగుమందు డబ్బా ప్రతి కౌలుదారుని పంచలోను ఉన్నది. ఎవడైనను "నేను లేకున్న ఈ అప్పు నాతోనే పోవును" అని మాటలాడ నారంభించిన యెడల, లేక ఊరకనే బాకీలన్నియు వ్రాసి భార్య చేతికిచ్చిన యెడల, ఆ రాత్రి అతనిని ఒంటరిగా విడువకుడి. డబ్బాను ఇంటినుండి తీసివేయుడి. అప్పు మనిషితో పోదు, ఈ విధవరాలినే చూడుడి: భర్త చనిపోగా అప్పులవాడు పిల్లలయొద్దకు వచ్చెను. 2022లో ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినయెడల తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు. దానికి ఫోను చేయుట విశ్వాసమునకు విరోధము కాదు. అలసి చావు కోరుకొనిన ఏలీయాకు దేవుడు మొదట రొట్టెయు నిద్రయు ఇచ్చెను. ప్రశ్నలు తరువాత వచ్చినవి (1 రాజులు 19:4-9).

ప్రవక్త కానుక అడుగలేదు

ఎలీషా వేసిన రెండవ ప్రశ్న, ఇంట ఏమున్నదని. ఆమె ఏమియు లేదనెను; మరల, నూనె కుండ ఒకటి యున్నదనెను. ఆ కొద్దిపాటి నూనెను ప్రవక్త తనకిమ్మని అడుగలేదు. దీనిని అడ్డగీత గీసి చదువుడి. ఏలయనగా ఈ కాలమున టెలివిజనులోను సెల్ ఫోనులోను కొందరు బోధకులు, "నీ అప్పు తీరవలెనన్న మా పరిచర్యలో విత్తనము నాటుము, నూరంతలు కోయుదువు" అని పిలుచుచున్నారు. అప్పులో మునిగిన స్త్రీ చెవిదుద్దులు అమ్మి పంపుచున్నది. పంట రాకపోయిన, నీ విశ్వాసము చాలలేదని ఆమెమీదనే నింద వేయుదురు. బీదరాలి నూనెలో పాలు అడుగు ప్రవక్త ఈ అధ్యాయములో లేడు.

వారు సారెపతు విధవరాలిని చూపుదురు (1 రాజులు 17). ఏలీయా మొదట తనకొక చిన్న రొట్టె చేయుమనెను గదా అందురు. నిజమే. అయితే ఆ వాక్యమును చివరివరకు చదువుడి: ఏలీయా ఆ రొట్టెను మూట గట్టుకొని వేరొక ఊరికి పోలేదు. ఆ యింటనే యుండెను, ఆమెయు ఆమె యింటివారును అతడును అనేక దినములు అదే పిండి తినిరి. కరవును వారితో పంచుకొనెను. రెండు కాసులు వేసిన విధవరాలిని కూడ చూపుదురు (మార్కు 12:41-44). దానికి ముందున్న నలువదవ వచనమును వారు చదువరు. విధవరాండ్ర యిండ్లను మ్రింగివేసి దీర్ఘప్రార్థనలు చేయు శాస్త్రులనుగూర్చి ప్రభువు అక్కడనే హెచ్చరించెను.

చింత వేరు, లెక్క వేరు

రేపటినిగూర్చి చింతింపవద్దని ప్రభువు కొండమీద చెప్పెను (మత్తయి 6:34). ఆ ప్రభువే గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని చెప్పెను (లూకా 14:28). ఈ రెండును విరోధమైనవని తోచును, కావు. చింత అనునది రాత్రి చీకటిలో పండుకొని, లేని డబ్బును వెయ్యిసార్లు లెక్కపెట్టుట. లెక్క అనునది పగటి వెలుగులో కాగితముమీద ఒక్కసారి వ్రాయుట. మన యిండ్లలో మొదటిది ఎక్కువ, రెండవది తక్కువ. "ఎంత బాకీ?" అని అడిగినప్పుడు "చాల ఉన్నదయ్యా" అనువారే గాని అంకె చెప్పువారు అరుదు. అంకె చూచుటకు భయము. ఎలీషా ఆ విధవరాలిచేత ఇంటిలోని వస్తువును లెక్క చెప్పించెను.

ఆకాశపక్షులు విత్తవు, కోయవు, కొట్లలో కూర్చుకొనవు. అయినను తండ్రి వాటిని పోషించుచున్నాడు. మన కల్లములమీదికి వచ్చు పిచ్చుకను చూచినవారికి ఒక సంగతి తెలియును: అది గూటిలో కూర్చుండి నోరు తెరువలేదు. తెల్లవారకముందే లేచి తిరుగును. దానికి లేనిది పని కాదు, రేపటి భయము. అట్లని ప్రభువు మాటను కష్టపడుమను సామెతగా తగ్గించుట కూడ సరికాదు. ఎంత తిరిగినను గింజ పుట్టించుట పిచ్చుక వశములో లేదు. వాన మన వశములో లేదు, ధరయు మన వశములో లేదు. ఆ మిగిలిన భాగమునే తండ్రికి అప్పగింపుమని ప్రభువు చెప్పుచున్నాడు. ఆ వచనముల చివర ఏ దినపు కీడు ఆ దినమునకు చాలునని కూడ చెప్పెను. కీడు ఉండదని ఆయన చెప్పలేదు.

లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును మనలో పెద్దవారు కంఠస్థము చేసియుందురు. పరలోక ప్రార్థనలోని అనుదినాహారము అను మాటకు ఆయన ఇచ్చిన వివరణలో అన్నము వస్త్రములతో ఆగలేదు. ఇల్లు, పొలము, పశువులు, ధనము, మంచి ప్రభుత్వము, అనుకూలమైన వాతావరణము, నమ్మకమైన ఇరుగుపొరుగువారు, వీటన్నిటిని అందులో చేర్చెను. కనుక మిరపకు ధర కొరకును, న్యాయమైన కౌలు చట్టము కొరకును ప్రార్థించుట లోకసంబంధమైన ప్రార్థన కాదు. అది ప్రభువు నేర్పిన నాలుగవ మనవియే. ఆ వరుసలో నమ్మకమైన ఇరుగుపొరుగువారు కూడ ఉన్నారని గుర్తుంచుకొనుడి, ఇప్పుడు వారియొద్దకే వచ్చుచున్నాము.

పొరుగువారి ఖాళీ పాత్రలు

పొరుగువారందరియొద్దకు పోయి ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకొనుమని, అవి కొద్దిగా ఉండరాదని ఎలీషా ఆమెకు చెప్పెను. నూనెను విస్తరింపజేసిన దేవునికి పాత్రలను కూడ సృష్టించుట అసాధ్యమా? ఆమె ఇంటనున్న ఒక్క కుండనుండియే నూనె ధారగా కారి వీధి నిండునట్లు చేయజాలడా? అయినను ఆయన ఆమెను వీధిలోనికి పంపెను. కుమారులను దాసత్వమునుండి తప్పించిన అద్భుతములో ఊరివారి కుండలు, తపేలలు ఉన్నవి. పాత్రలు ఉన్నంతవరకు నూనె వచ్చెను. ఇక పాత్ర లేదనగానే నిలిచిపోయెను. పొరుగువారిలో సగముమంది "మా కుండ పగులును" అని ఇయ్యకపోయిన యెడల ఆ యింటికి వచ్చెడి నూనెయు సగమే.

ఇట్టి పొరుగును తలక్రిందులు చేసిన దానిని మన రాష్ట్రము చూచెను. పల్లె స్త్రీలను గుంపులుగా కూర్చి, ఒకరికొకరు పూచీ నిలువబెట్టి, వారము వారము కిస్తీ వసూలు చేసెడి సూక్ష్మఋణ కంపెనీలు వ్యాపించినవి. ఒకామె కట్టలేకపోయిన యెడల గుంపులోని తక్కిన స్త్రీలే ఆమె గుమ్మములో కూర్చుండి అడుగవలసి వచ్చెను. చిన్ననాటినుండి కలిసి నాట్లు వేసినవారు ఒకరినొకరు వీధిలో తిట్టుకొనిరి. ప్రాణము తీసికొనినవారును కలరు. చివరకు 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేయవలసి వచ్చెను. అక్కడ పొరుగువారు అప్పులవాని చేతికి కఱ్ఱలైరి. 2 రాజులు నాలుగవ అధ్యాయములో వారు పాత్రలు ఇచ్చినవారు.

మన దక్షిణముననున్న ఒంగోలులో నూట యేబది యేండ్ల క్రిందట జరిగిన సంగతి ఇచ్చట చెప్పవలెను. వారు బాప్తిస్టు సంఘమువారు. 1849లో హయ్యరు దొరగారు గురజాలకు వచ్చుటతో పల్నాట మొదలైన మన లూథరను సంఘము వేరు. అయినను ఆ చరిత్ర తెలుగు క్రైస్తవులందరి సొత్తు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టిన గొప్ప కరవును మన పెద్దలు ధాత కరవు అనిరి. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఆయన సువార్తకు రాకమునుపు అమెరికాలో సర్వే పని చేసినవాడు. ఆకలితో వచ్చినవారికి గంజి పోయుటతో ఆయన తృప్తి పడలేదు. కరవు పనిగా ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును తానే కంట్రాక్టుగా తీసికొనెను. బోధకులను మేస్త్రీలుగా పెట్టెను. మాల మాదిగ పల్లెలవారు, తక్కిన కులములవారు వచ్చి మట్టి మోసి కూలి తీసికొనిరి. పని నడుమ విశ్రాంతి వేళ ఆ బోధకులు ప్రయాసపడువారిని, భారము మోయువారిని పిలిచిన యేసు మాటను (మత్తయి 11:28) వారికి మాటిమాటికి చెప్పిరి. తట్ట మోయువారికి ఆ వాక్యము వ్యాఖ్యానము లేకనే తెలిసియుండును.

ఆ దినములలో వందలమంది బాప్తిస్మము అడిగిరి. క్లౌ దొరగారు ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. కూలికొరకు వచ్చితిమని ఎవరును తలంపరాదు, కూలి యిచ్చి కొంటిమని ఎవరును అనరాదు. కాలువ పనియు కరవు సహాయమును ముగిసిన తరువాతనే, 1878 జూన్ మధ్యనుండి బాప్తిస్మములు ఆరంభమైనవి. జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకెను అనేకులు చెప్పుదురు. నాకు మాత్రము అంతకుముందున్న ఆ ఏడాది మౌనము ఎక్కువ బోధించుచున్నది. రొట్టె చూపి విశ్వాసము అడుగని సంఘము, విశ్వాసము పేరు చెప్పి రొట్టె మానని సంఘము అక్కడ కనబడుచున్నది.

మనయొద్ద కంట్రాక్టులు లేవు. ఖాళీ పాత్రలు ఉన్నవి. స్త్రీల సమాజమువారు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి కుండలో వేయు వాడుక మన సంఘములలో ఎంతకాలమునుండియో ఉన్నది. ఆ బియ్యమంతయు వేలము వేసి కట్టడపు నిధికి జమ చేయుటకు బదులు, పంట పోయిన ఏట నెలకొక కుంచము పేరు చెప్పకుండ ఒక గుమ్మము దగ్గరకు చేరిన యెడల ఏమి నష్టము? చదువుకొనిన యౌవనస్థులు బాకీదారుని ప్రక్కన కూర్చుండి వడ్డీ లెక్క కట్టి పెట్టవచ్చును. పొదుపు సంఘములో బ్యాంకు ఋణము వచ్చు మార్గము తెలిసిన సహోదరి, నూటికి మూడు రూపాయల వడ్డీకి పోవు సహోదరిని చేయి పట్టి తీసికొనిపోవచ్చును. ఆటోగల సహోదరుడు పొరుగువాని మిరప బస్తాలకు ఒక దినము కిరాయి మానుకొనవచ్చును. ఇవి నూనె కావు, కుండలు మాత్రమే. నూనె పోయువాడు దేవుడు.

అమ్ముము, తీర్చుము, బ్రదుకుము

నూనె నిండిన తరువాత ఆ స్త్రీ తన యిష్టము చొప్పున చేయలేదు. తిరిగి ప్రవక్తయొద్దకు వచ్చి అడిగెను. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో తానును కుమారులును బ్రదుకవలెనని అతడు చెప్పెను. అద్భుతము జరిగినది గనుక అప్పు రద్దాయెనని చెప్పలేదు. అప్పులవాడు కఠినుడైనను అతని సొమ్ము అతనికి చెల్లవలెను. పంట వచ్చిన ఏట బాకీ కట్టక బండి కొనువారు కీర్తన 37:21 చదువుడి. ధరగూర్చి నేను ఏమియు చెప్పలేను గాని, వచ్చిన ధరలో మొదటి భాగము ఎవరికి పోవలెనో ఈ వచనము చెప్పుచున్నది.

అప్పు ఇచ్చువారికి కూడ ఒక మాట. ఏలయనగా మన సంఘములలో పుచ్చుకొనువారే కాక ఇచ్చువారును ఉన్నారు, వారిలో పెద్దలును ఉన్నారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ప్రకారము తిరుగటిని తాకట్టు పట్టరాదు, అది ఒకని బ్రదుకును తాకట్టు పట్టుట. తాకట్టుకొరకు బాకీదారుని యింటిలోనికి చొరబడరాదు, బయట నిలువవలెను. బీదవాని వస్త్రమును ప్రొద్దు క్రుంకునప్పటికి తిరిగి యియ్యవలెను. మూడు వేల యేండ్ల నాటి ఈ ధర్మము బాకీదారునికి ఇంటి గడపను, గౌరవమును విడిచిపెట్టినది. పొద్దున్నే పదిమంది ఎదుట గుమ్మములో నిలిచి పేరు పెట్టి పిలుచు మనము దానికి ఎంత దూరమున ఉన్నాము! నెహెమ్యా దినములలో కరవు వేళ ధాన్యముకొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టిన జనులు తమ కుమార్తెలను దాసీలుగా ఇయ్యవలసి వచ్చెను. అప్పు ఇచ్చినవారు అన్యులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా కోపపడి, నూటిలో ఒక పాలుగా తీసికొనుచున్నదానిని మాని, తీసికొనిన పొలములను ఆ దినమే తిరిగి యిమ్మని చెప్పెను. నూటిలో ఒక పాలు నెలకు లెక్క అని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము. అట్లయిన అది మన ఊరి నూటికి రెండు రూపాయలలో సగమే. దానికే అతడు సభ కూర్చెను.

అప్పు క్రింద పిల్లవానిని ఆసామి యింట పాలేరుగా పెట్టుట మన తాతల కాలములో వింత కాదు. 1976లో వెట్టిచాకిరిని నిషేధించు చట్టము వచ్చెను. అయినను ఏడవ తరగతి పిల్లవానిని బడి మాన్పించి మిరపకోతకు పంపినప్పుడు, లేక బాకీ తీరునని పదునారేండ్ల పిల్లకు పెండ్లి కుదిర్చినప్పుడు, అప్పులవాడు ఆ విధవరాలి గుమ్మములోనికి వచ్చినట్లే మన గుమ్మములోనికి వచ్చియున్నాడు.

గృహకూడికలలో మాటలాడుటకు ప్రశ్నలు

ఆ విధవరాలు తన అప్పును ప్రవక్తకు చెప్పగలిగెను. మన సంఘములో ఒకడు తన అప్పును ఎవరితో చెప్పుకొనగలడు? ఎవరితో చెప్పుకొనలేడు, ఎందుచేత?

మన పేటలో ఈ ఏట గుడికి రాక మానిన కుటుంబములు ఏవి? వారి యింటికి ఈ నెలలో ఎవరు వెళ్లుదురు? (పేర్లు కూడికలో చెప్పవలదు, వెళ్లువారు తమలో తాము ఏర్పరచుకొనుడి.)

తలుపు మూసికొని నూనె పోయుమని ఎలీషా ఎందుకు చెప్పెను? సహాయమును బయట చాటకుండుటకును దీనికిని సంబంధమున్నదా? మత్తయి 6:1-4 తో కలిపి చదువుడి.

అప్పు ఇచ్చువారు, తీసికొనినవారు ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనములో పాలుపొందుచున్నారు. వారిద్దరి నడుమ నోటు ఉండగా ఏమి చేయవలెను?

వచ్చే నెల పాఠమునకు ఫిలేమోను పత్రికను చదివి రండి. ఒకటే అధ్యాయము. పదునెనిమిదవ వచనములో పౌలు పరుని బాకీని తన లెక్కలో వ్రాయించుకొనుచున్నాడు.